పారణ లేని యుపవాసము

అన్నము ప్రాణమని మన పెద్దలు చెప్పిరి. ఆకలిగొన్నవానికి అన్నము దొరకకపోవుట లోకమునందలి దుఃఖములలో మొదటిది. దానిని గూర్చి పత్రికలు వ్రాయుచునే యున్నవి, ప్రభుత్వములు యోచించుచునే యున్నవి. కాని వడ్డించిన విస్తరి యెదుట కూర్చుండియు తినజాలని మనుష్యుని దుఃఖము మరియొకటి కలదు. ఇంట ధాన్యము నిండుగా నుండును. తల్లి కొసరి కొసరి వడ్డించును. ఐనను బిడ్డ దినదినమునకు శుష్కించిపోవును. ఇట్టి వ్యాధి యొకటి యున్నదని యెరుగని యిండ్లు నేటికిని పెక్కులు. ఎరిగినవారిలో ననేకులు దీనిని కలవారి బిడ్డల చాపల్యమనియో, పాశ్చాత్యుల వేషమనియో త్రోసిపుచ్చుచున్నారు. ఈ రెండు తలంపులును సరికావని దీని చరిత్రమే చెప్పుచున్నది. కావున నా చరిత్రమును కొంచెము విపులముగా మా చదువరుల ముందుంచ దలచితిమి.

నేటి వైద్యులు ఆహారసంబంధమైన మానసిక వ్యాధులలో ముఖ్యముగా మూడింటిని వేరుపరచి చెప్పుదురు. మొదటిది అనొరెక్సియా నెర్వోసా. దీనికి లోబడినవారు తిండిని క్రమక్రమముగా తగ్గించుకొని యెముకలగూడుగా మారుదురు. చాలమంది యట్టి స్థితిలో గూడ తమ శరీరము స్థూలమైనదనియే నమ్ముదురు. రెండవది బులీమియా నెర్వోసా. ఇందు మనుష్యుడు తన్ను తాను నిలుపుకొనలేక యొక్కమారుగా మితిమీరి తిని, పిమ్మట భయపడి వాంతిచేతనో, విరేచనౌషధములచేతనో, మరునాటి కటికపస్తుచేతనో దానిని పరిహరింప జూచును. మూడవది, ఇట్టి పరిహారమేదియు లేకయే పలుమారు మితిమీరి తిని, పిమ్మట సిగ్గుతోను పశ్చాత్తాపముతోను కుములుట. ఈ మూడును స్త్రీలయందు విశేషముగా కానవచ్చుచున్నను పురుషులును, బాలురును వీనికి లోనగుచున్నారు. మానసిక వ్యాధులన్నింటిలో ప్రాణాపాయము మిక్కిలి యెక్కువగా గలవానిలో మొదట చెప్పినది యొకటి. హృదయము బలహీనమై కొందరును, జీవితముపై విరక్తిచే ఆత్మహత్య చేసికొని కొందరును మరణించుచున్నారు.

ఈ వ్యాధికి పేరు పెట్టి నూటయేబది యేండ్లు దాటినది. కాని పేరు లేనినాడు వ్యాధి లేదనుకొనరాదు. పేరు లేనినాడు లోకము దానిని మరియొక కంటితో చూచినది.

ఇటలీ దేశమందలి సియెనా పట్టణమున నొక బట్టల యద్దకపువాని యింట 1347వ సంవత్సరమున కేథరిన్ జన్మించెను. ప్రసవసమయమున అక్క మరణించిన పిమ్మట తలిదండ్రులు ఈమెకు వివాహము చేయ నుద్యమింపగా, ఆమె తల వెండ్రుకలు కత్తిరించుకొని, ఆహారమును తగ్గించుచు వచ్చి, దైవధ్యానమున మునిగెను. పెరిగి పెద్దదైన పిమ్మట ఆమె పోపులకు హితవు చెప్పగలిగినంత ప్రభావశాలిని యయ్యెను. కాని అన్నము మాత్రము ఆమె కడుపున నిలువదయ్యెను. తినుమని మతగురువులు ఆజ్ఞాపించిరి. తినజాలనని, ఇది తన కొక రోగమని ఆమెయే చెప్పుకొనెను. తుదకు 1380లో ముప్పదిమూడవయేట మరణించెను. 1461లో రోమను చర్చి ఆమెను పుణ్యాత్మురాలిగా ప్రకటించెను.

ఈమెను గూర్చియు, ఈమెవంటి యితర ఉపవాసినులను గూర్చియు చరిత్రకారులలో నొక గొప్ప వాదము నడచినది. వీరికి సోకినది నేటి వ్యాధివంటిదే యని రుడాల్ఫ్ బెల్ 1985లో వ్రాసెను. అట్లు తేల్చుట పొరపాటనియు, ఆ కాలపు స్త్రీలకు ఆస్తిపై నధికారము లేదు గాని వంటపై నధికారము గలదనియు, కావున వారు త్యజింపగలిగినదియు, పరులకు పంచిపెట్టగలిగినదియు అన్నమేయనియు, వారి యుపవాసమును వారి భక్తిలోనుండియే గ్రహింపవలెననియు కేరొలిన్ వాకర్ బైనమ్ 1987లో వాదించెను. ఏడువందల యేండ్ల క్రిందటి స్త్రీకి నేడు నాడి చూచుట సాధ్యము కాదు. ఐనను ఈ వాదమునుండి మనము గ్రహింపదగిన దొకటి కలదు. పెండ్లి గాని, చదువు గాని, రాకపోకలు గాని యేదియు తన చేతిలో లేని పిల్లకు తన కంచము మాత్రము తన చేతిలో నుండును. ఆ యొక్క స్వాతంత్ర్యమును గట్టిగా పట్టుకొనుట మొదట బలముగా దోచి, పిమ్మట నదియే సంకెల యగును.

ఇచట మన చదువరులకు సందేహము కలుగవచ్చును. ఏకాదశి, శివరాత్రి, కార్తిక సోమవారము మున్నగు నుపవాసములు మన యిండ్లలో తరతరములుగా నున్నవి. అవియు వ్యాధులేనా యని యడుగవచ్చును. కావు. వ్రతమునకు తిథి యున్నది. తిథి తీరగానే పారణ యున్నది. ఉపవాసమున్నవారు మరునాడు సంతోషముతో భుజింతురు. నలుగురితో గలిసి భుజింతురు. వ్యాధికి తిథి లేదు, పారణ లేదు. పారణ సమయము దగ్గరపడిన కొలది భయము హెచ్చుచుండినచో, ఒక వ్రతము ముగియకముందే మరియొక వ్రతమును వెదకుకొనుచుండినచో, అది భక్తి కాదని యింటివారు గ్రహింపవలెను. వ్రతము చాటున వ్యాధి దాగియుండుట గలదు గాని వ్రతమే వ్యాధి కాదు.

వైద్యుని కంటితో దీనిని మొదట స్పష్టముగా వర్ణించినవాడు లండను వైద్యుడు రిచర్డ్ మార్టన్. క్షయరోగమును గూర్చి 1689లో ఆయన ప్రకటించిన లాటిను గ్రంథములో, దగ్గు లేక, జ్వరము లేక, కేవలము మనోవ్యాకులతచే శరీరము క్షీణించు నొక విధమైన క్షయమును గూర్చి చెప్పి, రెండు దృష్టాంతముల నిచ్చెను. ఒకటి పదునెనిమిదవయేట నడుగిడిన యొక బాలికది. ఆమెకు ఋతువు నిలిచిపోయెను, ఆకలి నశించెను, ఐనను రాత్రింబవళ్లు పుస్తకములపై వంగి చదువుచునే యుండెను. చర్మము కప్పిన యస్థిపంజరమువలె నున్నదని మార్టన్ వర్ణించెను. కొన్నాళ్లు మందులు పుచ్చుకొని, విసిగి, మానివేసి, మూడునెలలలో మూర్ఛపోయి మరణించెను. రెండవది పదునారేండ్ల బాలునిది. ఒక మతాచార్యుని కుమారుడు. అతనిని చదువు మాన్పించి, పల్లెగాలికి పంపి, గుర్రపుస్వారి చేయించి, పాల యాహారమిప్పింపగా చాలవరకు కోలుకొనెను. మూడువందల యేండ్లకు పూర్వమే వ్రాయబడిన యీ రెండు వృత్తాంతములలో నేటి లక్షణములు పెక్కులు కలవు: యౌవనారంభము, చదువుపై మితిమీరిన పట్టుదల, ఋతువు నిలుచుట, క్షీణించుచున్నను విశ్రమింపకుండుట. బాలునకును రాదగునను విషయము సయితము అందే కలదు. కాని లోకము దానిని పట్టించుకొనలేదు.

పట్టించుకొనకపోవుటవలన నేమి జరిగెనో తెలిసికొనవలెనన్న వేల్సు దేశమందలి సారా జేకబ్ కథ చదువవలెను. ఈ చరిత్రములో నింతకంటె గుండెను కలచు ఘట్టము మరియొకటి లేదు.

సారా 1857లో కార్మార్థెన్ మండలమున నొక రైతు కుటుంబములో పుట్టెను. 1867లో ఆమెకు మూర్ఛలతో గూడిన జబ్బు చేసెను. ఆ సంవత్సరము అక్టోబరు 10వ తేదీ మొదలు బిడ్డ యేమియు తినుట లేదని తలిదండ్రులు చెప్పసాగిరి. తినుమనినచో మూర్ఛ వచ్చుచుండెను గనుక, ఆమె యెదుట తిండి మాట యెత్తుటయే మానిరి. వార్త వ్యాపించెను. పిల్లను రిబ్బనులతోను పూలతోను అలంకరించి పడకపై పరుండబెట్టిరి. ఆమె బైబిలు చదువుచుండ చూచుటకు దూరదూరములనుండి జనులు వచ్చిరి. వచ్చినవారు పడకపై నాణెములుంచి పోవుచుండిరి. అప్పటికే యా ప్రాంతమునకు రైలు వచ్చియుండుటచే యాత్ర సులభమయ్యెను. మొదట సందేహించిన గ్రామ మతగురువు తుదకు నమ్మి, ఇది పరీక్షింపదగిన వింతయని 1869లో పత్రికకు వ్రాసెను. గ్రామస్థులు రెండువారములు కాపలా కాసి మోసమేమియు లేదనిరి. లండనునుండి వచ్చి చూచిన యొక వైద్యుడు మాత్రము ఇది వ్యాధియే యనియు, పిల్ల రహస్యముగా నేదో తినుచుండవలెననియు పత్రికలో వ్రాసెను.

దానితో నొక సంఘమేర్పడెను. లండనునందలి గైస్ ఆసుపత్రినుండి నలుగురు నర్సులను రప్పించిరి. పిల్ల యడిగినచో నన్నము పెట్టవచ్చును, అడుగనిదే పెట్టరాదు, పెట్టెదమని యనను రాదు, రేయింబవళ్లు చూచుచుండవలెను. ఇది వారి కిచ్చిన యాజ్ఞ. 1869 డిసెంబరు 9వ తేదీన కాపలా ఆరంభమయ్యెను. కొన్నినాళ్లకే పిల్ల నీరసించెను, కాళ్లుచేతులు చల్లబడెను. బిడ్డ చనిపోవుచున్నదని తెలియజెప్పిరి. కాపలా నాపింపుమని మతగురువు తండ్రిని వేడుకొనెను. ఇట్టి నీరసము ఆమెకు లోగడ గూడ వచ్చినదేయని తండ్రి నిరాకరించెను. ఆమె యన్నమడుగలేదు. ఎవరును పెట్టలేదు. డిసెంబరు 17వ తేదీన, పండ్రెండేండ్ల బాలిక, తల్లి, తండ్రి, శిక్షణ పొందిన నర్సులు చుట్టునుండగా, ఆకలితో మరణించెను.

అంతకుముందు రహస్యముగా నేదో యాహారము ఆమెకు దొరకుచుండెననియు, కాపలాతో నదియు నిలిచిపోయెననియు విచారణలో తేలెను. 1870లో న్యాయస్థానము తలిదండ్రులను దోషులుగా నిర్ణయించి, తండ్రికి పండ్రెండు మాసములు, తల్లికి ఆరు మాసములు కఠినశిక్ష విధించెను. కాపలా యేర్పాటునకు సమ్మతించిన వైద్యులపై మోపిన యభియోగము నిలువలేదు. ఇందు దోషియెవరు? తలిదండ్రులు మాత్రమేనా? నమ్మినవారందరును అద్భుతమును చూడగోరిరి. నమ్మనివారందరును మోసమును పట్టుకొనగోరిరి. ఇరువురును ఆ బాలికను చూచుచునే యుండిరి. రోగిగా నెంచి చేరదీసినవా రొక్కరును లేకపోయిరి. మా యభిప్రాయమున నీ కథ యంతయు వేల్సునందలి యొక పల్లెకు మాత్రమే చెందినది కాదు. క్షీణించుచున్న బిడ్డను చూచి యొకరు మెచ్చుకొనుచు, మరియొకరు అనుమానించుచు, ఎవరును వైద్యునియొద్దకు గొనిపోని యిల్లు ప్రతి దేశమునను గలదు.

ఆ గైస్ ఆసుపత్రికే చెందిన సర్ విలియం గల్ నాలుగేండ్ల తరువాత ఈ వ్యాధికి నేటి పేరు పెట్టుట గమనింపదగినది. 1868లోనే ఆయన దీనిని సూచించియుండెను గాని అది జీర్ణశక్తి లోపమని తలచెను. పెట్టిన యాహారము చక్కగా జీర్ణమగుచున్నదని కనుగొని, 1873లో లండను వైద్యసభ యెదుట చదివిన వ్యాసములో అనొరెక్సియా నెర్వోసా యను పేరును వాడెను. తన రోగులు ఎముకలు తేలియుండియు విశ్రాంతి యెరుగక తిరుగుచుండుట ఆయనకు ఆశ్చర్యము గొలిపెను. వెచ్చదనము, వేళకు తప్పని యాహారము, స్థిరచిత్తులైన పరిచారకులు: ఇది ఆయన చికిత్స. పదునేడేండ్ల బాలిక యొకతె రెండేండ్లలో సంపూర్ణముగా కోలుకొనిన వృత్తాంతమును చిత్రములతో సహా ప్రకటించెను. కాని బంధుమిత్రులు రోగికి మిక్కిలి తగని పరిచారకులని యాయన నిశ్చయించెను. ఈ మాటను చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక. దీనిని గూర్చి మరల చెప్పవలసియున్నది.

అదే 1873లో పారిసు వైద్యుడు ఛార్ల్స్ లసేగ్ ఎనిమిదిమంది రోగులను గూర్చి వ్రాసెను. గల్ శరీరమును చూచెననినచో లసేగ్ ఇంటిని చూచెను. మొదట కడుపులో నేదో బాధయని కొంచెము తగ్గించుట. పిమ్మట నొక్కొక్క పదార్థమే మానుట. తనకేమియు బాధలేదు గనుక జబ్బు లేదనుట. ఇంటివారు మొదట బతిమాలుట, పిమ్మట బెదరించుట, మరల బతిమాలుట. తుదకు నింటిలో తిండి తప్ప మరియొక ప్రసంగమే లేకపోవుట. ఇది ఆయన గీసిన చిత్రము. బతిమాలిన కొలదియు బెదరించిన కొలదియు వ్యాధి బలపడుననియు, రోగిని మాత్రమే చూచిన చాలదు, చుట్టునున్నవారిని గూడ చూడవలెననియు ఆయన చెప్పెను. ఎదిగిన పిల్లలున్న యే యింటివారైనను ఈ వర్ణనను చదివి తమ యింటి భోజనాల గదిని జ్ఞాపకము చేసికొనకపోరు.

పిమ్మట వైద్యశాస్త్రము కొంతకాలము దారితప్పినది. 1914లో జర్మను వైద్యుడు సిమ్మండ్స్, మెదడు క్రిందనుండు పిట్యూటరీ గ్రంథి చెడుటచే క్షీణించిన స్త్రీని గూర్చి వ్రాయగా, క్షీణించినవారందరికిని కారణ మిదియేయని పలువురు తలచిరి. మనోవేదనతో బాధపడు బాలికలకు గ్రంథిసారమును మందుగా నిచ్చిరి. ఈ భ్రమ తొలగుటకు రెండు మూడు దశాబ్దములు పట్టెను.

ఇంతలో రెండవ ప్రపంచయుద్ధము వచ్చెను. యుద్ధానంతరమున ఐరోపా క్షుద్బాధితులకు ఎట్లు భోజనము పెట్టవలెనో తెలిసికొనుటకై అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఏన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు 1944–45 సంవత్సరములలో నొక పరీక్ష జరిపెను. యుద్ధము మనస్సాక్షికి విరుద్ధమని ఆయుధము పట్ట నిరాకరించిన 36 మంది ఆరోగ్యవంతులైన యువకులు దానికి స్వచ్ఛందముగా లోబడిరి. 24 వారములు వారికి అర్ధాహారము పెట్టిరి. శరీరపు బరువులో నాలుగవవంతు తగ్గెను. దేహమున కలిగిన మార్పులకంటె మనస్సున కలిగినవి వింతగా నుండెను. వారు రేయింబవళ్లు తిండిని గూర్చియే తలపోసిరి, వంటల పుస్తకములు పోగుచేసి చదివిరి, పెట్టిన కొద్దిపాటి యాహారమును గంటలకొలది చిదిపి చిదిపి తినిరి, ఎండకాలమున చలియనిరి, స్నేహము, నవ్వు, కోరిక యన్నియు నుడిగి చిరాకుతో నొంటరులైరి. మరల తృప్తిగా తినుట కనుమతింపబడిన పిమ్మట ననేకులు మితిమీరి తినిరి. ఎంత తినినను తృప్తి లేదనిరి.

1950లో ప్రకటింపబడిన యీ పరీక్షా ఫలితము ఆహారవిముఖ వ్యాధిని గ్రహించుటకు మిక్కిలి తోడ్పడెను. ఆ యువకులలో నెవనికిని సన్నబడవలెనను కోరిక లేదు. ఐనను రోగులయందు మనము మొండితనమనియు, దుస్స్వభావమనియు నిందించు లక్షణములు పెక్కులు వారియందు పొడసూపెను. అనగా నీ లక్షణములలో చాలభాగము పస్తువలననే పుట్టుచున్నవి. పస్తు మనస్సును చెరపును. చెడిన మనస్సు పస్తును పొడిగించును. ఈ చక్రమునుండి కేవలము బుద్ధిబలముచే బయటపడుమని రోగిని కోరుట, మునుగుచున్నవానిని ఈతను గూర్చి యోచింపుమనుట వంటిది. మొదట నాహారము, పిమ్మట హితవు.

హిట్లరు అధికారమునకు వచ్చిన 1933లో జర్మనీ విడిచిన యూదు వైద్యురాలు హిల్డె బ్రూక్, పిమ్మట అమెరికాలో స్థిరపడి, దశాబ్దములపాటు ఇట్టి బాలికల మాటలను శ్రద్ధతో వినెను. రోగి తన శరీరమును ఉన్నదున్నట్లు చూడలేదని ఆమె 1962లో స్పష్టపరచెను. 1978లో ఆమె ప్రకటించిన గ్రంథమునకు బంగరు పంజరమని పేరు. ఆమె రోగులు పలువురు ఇంట నెదురు చెప్పని బిడ్డలు, బడిలో మొదటి బహుమానములు పొందినవారు, తలిదండ్రుల గర్వమునకు కారణమైనవారు. వారికి లోపమేమన, తమ కేమి కావలెనో చెప్పుట యెన్నడును నేర్వకపోవుట. మంచిపిల్ల యనిపించుకొనుటలోనే వారి బాల్యమంతయు కరిగిపోయెను. ఐనను తలిదండ్రులే యీ వ్యాధికి కారకులని నాటి వైద్యులు కొందరు నిందించుట నేడు సమ్మతింపబడుట లేదు.

1979లో లండను వైద్యుడు జెరాల్డ్ రసెల్ 30 మంది రోగులను పరిశీలించి, బులీమియా నెర్వోసాను వేరు వ్యాధిగా వర్ణించెను. ఇది మరింత రహస్యమైనది. ఏలయన రోగి చూచుటకు సామాన్యమైన బరువుతోనే యుండును. 1983లో కేరన్ కార్పెంటర్ అను ప్రఖ్యాత అమెరికా గాయని ముప్పదిరెండవయేట అనొరెక్సియా కారణముగా మరణింపగా, అంతవరకు వైద్యగ్రంథములలోనే యుండిన యీ పేరు సామాన్య గృహములలో వినబడసాగెను. మితిమీరి తినుట మాత్రమే లక్షణముగా గల మూడవ వ్యాధి 2013లో అమెరికా వైద్యుల పట్టికలో ప్రత్యేకస్థానము పొందెను.

ఇది పాశ్చాత్యుల వ్యాధియను వాదమును ఇక పరీక్షింతము. ఫిజీ ద్వీపములలో బలిష్ఠమైన దేహమే యందమని తరతరములుగా నెంచుచుండిరి. 1995లో నచట నొక మండలమునకు టెలివిజను వచ్చెను. టెలివిజను వచ్చిన తొలిదినములలో నొకమారును, 1998లో మరియొకమారును ఏన్ బెకర్ అను వైద్యురాలు బడిపిల్లలను ప్రశ్నించెను. బరువు తగ్గుటకై వాంతి చేసికొనుచున్నామని మొదట చెప్పినవా రొక్కరును లేరు. మూడేండ్ల తరువాత నూటికి పదునొకండుగురు చెప్పిరి. దీనినిబట్టి చూడగా, పరుల దేశపు అందపు కొలత యింట నడుగిడినంతనే పిల్లల మనస్సులలో నెంత మార్పు కలుగునో తెలియుచున్నది.

కాని ఇంతటితో కథ ముగియలేదు. హాంగ్‌కాంగులో సింగ్ లీ అను వైద్యుడు 1993లో ప్రకటించిన 70 మంది చీనా రోగులలో సగముకంటె నెక్కువమందికి లావగుదుమను భయమే లేదు. కడుపు నిండుగా నున్నదనియో, ఆకలి లేదనియో వారు చెప్పిరి. ఐనను అదేవిధముగా క్షీణించిరి. 1995లో ఢిల్లీ వైద్యులు వర్ణించిన యైదుగురు భారతీయ యువతులును ఇట్టివారే: అన్నము నిరాకరించుట, వాంతులు, క్షీణత, ఋతువు నిలుచుట యున్నవి గాని తమ శరీరమును గూర్చిన భ్రమ లేదు. కావున సన్నదనపు మోజు లేని యింట నీ వ్యాధి రాదనుకొనరాదు. మరియు 2019లో ప్రకటింపబడిన యొక మహాపరిశోధన, పదునేడువేలమంది రోగుల వంశబీజములను పరీక్షించి, ఈ వ్యాధితో సంబంధము గల యెనిమిది వంశబీజస్థానములను గుర్తించెను. వానిలో కొన్ని మనస్సుకును, కొన్ని శరీరము ఆహారమును వినియోగించుకొను విధమునకును సంబంధించినవి. వంశము నేలను సిద్ధపరచును. యౌవనారంభము, ఎగతాళి, దుఃఖము, పరీక్షల భీతి, సన్నబడవలెనను తలంపుతో చేసిన మొదటి పస్తు, వీనిలో నేదియో విత్తనమగును. లోకుల ప్రశంస నీరు పోయును. దీనికి కారణమొక్కటియే యని చెప్పువారిని నమ్మరాదు.

మన తెలుగు గృహములలో నీ వ్యాధి దాగుటకు చోట్లు చాల గలవు. అందరికిని వడ్డించి, వెనుక వంటయింట నొంటరిగా తినుట మన యాడువారికి అలవాటు. ఆమె యేమి తినెనో, తినెనో లేదో చూచువారుండరు. మితముగా తిను పిల్లను అణకువగలదని మెచ్చుకొందుము. భర్త పోయిన స్త్రీకి ఒంటిపూట భోజనము విధించి, ఆమె చిక్కిపోవుటను నిష్ఠ యనిన తరములు మన వెనుకనే యున్నవి. చిక్కిపోయినచో దిష్టి తగిలినదనియు గాలి సోకినదనియు తాయెత్తులు కట్టింతుము. నేడు వీనికి క్రొత్తవి చేరినవి. పెండ్లిచూపులలో నాజూకుతనమును కొలుచు కన్నులు, వసతిగృహములలో పోటీపరీక్షలకై నిద్రాహారములు మాని చదువు బాలబాలికలు, చేతిలోని ఫోనులో గంటగంటకు కనబడు రూపములు. బంధువు గడప దాటి రాగానే లావైతివనియో, సన్నబడి బాగున్నావనియో పలుకరించుట మనకు క్షేమసమాచార మడుగుటవలె నలవాటైనది. ఆ మాట విన్న పిల్ల దానిని మరవకపోవచ్చును.

కావున నింటి పెద్దలు గమనింపవలసిన గుర్తులను చెప్పెదము. ఇప్పుడే తింటిననియు, బయట తింటిననియు పలుమారు చెప్పి పంక్తిలో కూర్చుండకుండుట, ఒక్కొక్క పదార్థమే మానుచు పోవుట, తాను తినక యితరులకు వండి పెట్టుటయందు మితిమీరిన యాసక్తి, చిన్న ముద్దలను గంటలకొలది కెలకుట, దేహము దాచు వదులైన దుస్తులు, వేసవిలో చలి, తలవెండ్రుకలు రాలుట, ఋతువు తప్పుట, కండ్లు తిరుగుట, నీరసములో గూడ నాపని వ్యాయామము, భోజనమైన వెంటనే స్నానాలగది తలుపు వేసికొనుట, వండిన పదార్థములు రాత్రివేళ మాయమగుట, తూకపుయంత్రముపై మాటిమాటికి నెక్కుట, చెలికత్తెలకు దూరమగుట, తన్ను తాను నిందించుకొనుట. వీనిలో నొకటి కనబడినంత మాత్రమున భయపడ నక్కరలేదు. కొన్ని కలిసి, వారములకొలది నిలిచినచో ఉపేక్షింపరాదు. లావుగానున్న పిల్ల వేగముగా చిక్కినను ప్రమాదమే. సామాన్యమైన బరువుతో నున్నంతమాత్రమున వ్యాధి లేదనియు చెప్పరాదు.

గుర్తించిన పిమ్మట నేమి చేయవలెను? సర్ విలియం గల్ బంధువులను దూరముగా నుంచుమనెనని మునుపు చెప్పితిమి. నూరేండ్లకు పైగా వైద్యులు ఆ మాటనే పాటించిరి. 1987లో లండనులోని మాడ్స్‌లీ ఆసుపత్రి వైద్యులు ప్రకటించిన ఫలితము ఆ యభిప్రాయమును మార్చెను. చిన్నవయసున వ్యాధి యారంభమై మూడేండ్లు దాటని రోగులయందు, తలిదండ్రులను చికిత్సలో భాగస్వాములను చేసి, బిడ్డకు భోజనము పెట్టు భారమును వారి చేతిలోనే యుంచిన పద్ధతి యెక్కువ ఫలించెను. నాటినుండి పిల్లల చికిత్సలో నిది ముఖ్యమైన మార్గమైనది. ఏ యిల్లు దోషియని దూరముగా నుంచబడెనో ఆ యిల్లే యౌషధమైనది. ఐతే లసేగ్ చూచిన యిల్లు కాదు. బతిమాలక, బెదరింపక, నిందింపక, వైద్యుని సలహాతో, వేళకు వేళ ప్రక్కన కూర్చుండి శాంతముగా తినిపించు నిల్లు.

ఒక హెచ్చరిక యవసరము. చిరకాలము పస్తున్న శరీరమునకు తొందరపడి విందు పెట్టుట ప్రాణాపాయకరము. రక్తమునందలి లవణములు తారుమారై గుండె నిలిచిపోవచ్చును. కావున మిక్కిలి క్షీణించినవారికి వైద్యుని పర్యవేక్షణలోనే క్రమముగా నాహారము పెంచవలెను. మూర్ఛ, గుండెదడ, చనిపోవుదుననుమాట, నీరుగూడ త్రాగకుండుట కనబడినచో నాడే యాసుపత్రికి గొనిపోవలెను. మానసిక వైద్యునియొద్దకు వెళ్లుట కుటుంబమునకు తలవంపని వెనుదీయువారు, పెండ్లి సంబంధములు చెడునని దాచువారు, ఆ సిగ్గుకు చెల్లించు మూల్యమెంతయో యోచింపవలెను. 2022లో భారతప్రభుత్వ మారంభించిన టెలి మానస్ అను సేవకు 14416 సంఖ్యకు ఫోను చేసినచో మన భాషలోనే సలహా లభించుచున్నది. ఈ వ్యాధి కుదురునది. త్వరగా పట్టుకొన్నచో మరింత సులభముగా కుదురునది.

సారా జేకబ్ పడకచుట్టు నిలిచినవారు క్రూరులు కారు. వారిలో భక్తులుండిరి, చదువుకొన్నవారుండిరి, వైద్యులుండిరి, కన్నతల్లి యుండెను. పిల్ల యడిగిన పెట్టుదమని వారందరును వేచియుండిరి. ఈ వ్యాధి లక్షణమే అడుగకుండుట యని వారికి తెలియదు. మనకు తెలిసినది. ఇకమీదట మన యింట నొక బిడ్డ కంచము ప్రక్కకు నెట్టి లేచి పోవుచున్నచో, ఆమె యడుగువరకు మనము వేచియుండ పనిలేదు.